క్లచ్ పెడల్ పైకి రాలేదు

జులై నెల, మధ్యాహ్నం రెండున్నర. ఖోబర్‌లో ఆ వేళప్పుడు రోడ్డు మీద కార్లు తప్ప మనుషులు కనిపించరు. పాపకి రెండు రోజులుగా చెవిపోటు. డాక్టరుకి చూపించి ఇంటికి వస్తున్నాను. సిగ్నల్ దగ్గర ఆగాను. పచ్చ లైటు పడింది. మొదటి గేరు వేసి క్లచ్ మీద నుంచి కాలు తీశాను. కాలు పైకి వచ్చింది. పెడల్ రాలేదు.

వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. ఇక్కడ పచ్చ లైటు పడ్డాక అర క్షణం ఆలస్యమైతే వెనకవాళ్ళకి ప్రాణం పోయినట్టే ఉంటుంది. అలవాటు కొద్దీ మళ్ళీ తొక్కబోయాను. తొక్కడానికి ఏముంది, అది నేలకి అంటుకుపోయి ఉంది. నాలుగు వైపులా లైట్లు మిణుకు మిణుకుమనే ఆ ఎర్ర బటన్ నొక్కి, గేరు న్యూట్రల్‌లోకి తీసి, చెప్పు కొనని పెడల్ కిందకి దూర్చి పైకి లేపాను. నాలుగైదు సార్లు అలా తొక్కి, లేపి, తొక్కి, లేపితే దానికి కాస్త ప్రాణం వచ్చింది. ఇంటికి మూడు కిలోమీటర్లు. ఆ మూడు కిలోమీటర్లూ రెండో గేరులోనే, చెమటతో స్టీరింగ్ జారిపోతుంటే, వెనక సీట్లో పాప ఏడుస్తుంటే వచ్చాను.

మా ఆయన జుబైల్‌లో ప్లాంటులో పనిచేస్తారు. కంపెనీ బస్సులో వెళ్తారు కాబట్టి కారు నా దగ్గరే ఉంటుంది. ఫోన్ చేస్తే, "నువ్వు కారు తీయకు, నేను వచ్చాక చూస్తాను" అన్నారు.

"ఎప్పుడొస్తారు?"

"షట్‌డౌన్ అయ్యాక."

షట్‌డౌన్ అంటే ఏమిటో గల్ఫ్ ప్లాంట్ల వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంకా 12 రోజులుంది. పాపని మూడో రోజు మళ్ళీ చూపించాలి. పాపం ఆయన డ్యూటీ మధ్యలోనే తెలిసిన వర్క్‌షాప్‌కి ఫోన్ చేశారు. వాళ్ళు కారు చూడకుండానే "క్లచ్ సెట్టు మొత్తం మార్చాలి, 1,400 రియాల్" అన్నారట. మన డబ్బుల్లో ముప్పై వేల పైమాటే.

ఆ మాట దగ్గర నాకు ఏదో తేడా కొట్టింది. క్లచ్ ప్లేటు అరిగిపోతే కారు ఎలా ఉంటుందో నాకు తెలుసు. విజయవాడలో మా నాన్నగారి పాత కారుకి అదే జరిగింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ గోల పెరుగుతుంది, వేగం పెరగదు. ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఆయాసపడుతుంది. ఒక్కోసారి కాలిన వాసన. అప్పుడు కూడా పెడల్ మాత్రం బుద్ధిగా కిందకి వెళ్ళి పైకి వచ్చేది. మరి ఇప్పుడు పైకి రాని పెడల్‌కి, ప్లేటు అరగడానికి ఏం సంబంధం?

ఒక్క మాట పక్కకి వెళ్ళి చెప్తాను. నేను ఇక్కడికి 2015లో వచ్చాను. అప్పట్లో ఈ దేశంలో ఆడవాళ్ళు స్టీరింగ్ ముట్టుకోకూడదు. 1990 నవంబర్ 6న రియాద్‌లో 47 మంది సౌదీ స్త్రీలు తామే కార్లు నడుపుకుంటూ ఊరేగినందుకు పోలీసులు పట్టుకున్నారు, ఉద్యోగాల నుంచి సస్పెండ్ చేశారు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళకి, 2017 సెప్టెంబర్ 26న, రాజుగారి ఉత్తర్వు వచ్చింది. 2018 జూన్ 24 నుంచి అమలు. ఆ అర్ధరాత్రి రోడ్ల మీదకి వచ్చిన సౌదీ అమ్మాయిలని టీవీలో చూసి నేనూ పక్క ఫ్లాట్ వదినగారూ చప్పట్లు కొట్టాం. అంతకుముందు కారు పాడైతే అది మగవాళ్ళ తలనొప్పి. లైసెన్సుతో పాటు ఆ తలనొప్పి కూడా మన ఒళ్ళో పడింది. ఎక్కువమంది ఆటోమేటిక్ కార్లే నడుపుతారు. మాది మాత్రం ఎగ్జిట్ మీద వెళ్ళిపోతున్న ఒక స్నేహితుడి దగ్గర చవకగా వచ్చిన మాన్యువల్. యూకే, ఐర్లాండ్‌లలో ఉన్న మీలో చాలామంది నడిపేదీ మాన్యువలే కదా. ఆటోమేటిక్‌లో పరీక్ష పాసైతే ఆ లైసెన్సు మీద మాన్యువల్ నడపనివ్వరని అక్కడున్న మా చెల్లెలు ఎప్పుడూ సణుగుతుంటుంది.

సరే, అసలు సంగతికి వస్తాను.

ఇంజన్ స్టార్ట్ చేశాక అది తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు మాత్రం ఆగాలి, కదలాలి, మధ్యలో గేర్లు మారాలి. ఇంజన్ వెనక ఫ్లైవీల్ అని ఒక బరువైన చక్రం, దానికి ఎదురుగా ప్రెషర్ ప్లేటు, రెండింటి మధ్యలో క్లచ్ ప్లేటు ఉంటాయి. ప్రెషర్ ప్లేటులోని స్ప్రింగు కొన్ని వందల కిలోల బలంతో మధ్య ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమి పెడుతుంది. అందుకే ఇంజన్ తిరిగితే చక్రాలూ తిరుగుతాయి. మనం పెడల్ తొక్కినప్పుడు ఆ స్ప్రింగుని వెనక్కి లాగి మధ్య ప్లేటుని విడిపిస్తున్నాం.

వందల కిలోల బలాన్ని మన ఎడమకాలు ఎలా జయిస్తుంది? ఇక్కడే ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సులో చదివిన పాస్కల్ పనికొస్తాడు. మూసి ఉన్న ద్రవాన్ని ఒక చోట నొక్కితే ఆ పీడనం అన్ని వైపులకీ సమానంగా పోతుంది. పెడల్ చివర ఒక చిన్న పిస్టన్ ఉంటుంది, దాన్ని మాస్టర్ సిలిండర్ అంటారు. అందులోంచి ఒక పైపు గేర్‌బాక్సు దగ్గరున్న ఇంకో పిస్టన్‌కి వెళ్తుంది, అది స్లేవ్ సిలిండర్. మధ్యలో బ్రేక్ ఆయిల్. పైన తొక్కితే కింద పిస్టన్ బయటికి వచ్చి ఒక ఫోర్కుని తోస్తుంది, ఫోర్కు రిలీజ్ బేరింగుని, బేరింగు స్ప్రింగుని తోస్తాయి.

ఇది బుర్రకెక్కాలంటే కారు అక్కర్లేదు. మా బాబు పోయినేడు స్కూల్ ఎగ్జిబిషన్‌కి ఇంజెక్షన్ సిరంజిలతో జేసీబీ బొమ్మ చేశాడు. మీ ఇళ్ళల్లో పిల్లలూ చేసే ఉంటారు. ఆ రోజు సాయంత్రం దాన్ని అటక మీద నుంచి దింపాను. సన్నపు గొట్టంతో కలిపిన రెండు సిరంజిలు, నిండా నీళ్ళు. ఒకటి నొక్కితే రెండోది వెంటనే కదులుతుంది. వదిలేసి రెండో దాన్ని నొక్కితే మొదటిది వెనక్కి వస్తుంది. ఇప్పుడు గొట్టంలోకి ఒక పెద్ద గాలి బుడగ ఎక్కించి నొక్కాను. వేలు మెత్తగా దిగిపోయింది, అవతలిది సగం కూడా కదల్లేదు. నీళ్ళు నొక్కుకుపోవు, గాలి నొక్కుకుపోతుంది, అంతే తేడా. తర్వాత గొట్టం మధ్యలో వేళ్ళతో కొంచెం నొక్కిపెట్టాను. అప్పుడు బలంగా నెట్టితే నీళ్ళు అవతలికి వెళ్తున్నాయి, వెనక్కి మాత్రం బద్ధకంగా వస్తున్నాయి. ఈ చివరి సంగతి ఆ రోజు సరదాగా చూసి వదిలేశాను. రెండు రోజుల తర్వాత అదే అక్కరకొచ్చింది.

నాకు అంతవరకూ తెలియని విషయం ఒకటుంది. క్లచ్ పెడల్‌ని పైకి తెచ్చేది పెడల్ దగ్గరున్న స్ప్రింగే అనుకునేదాన్ని. చాలా కార్లలో ఆ స్ప్రింగు పని వేరు. సగం దాటాక అది మన కాలికి సాయంగా పెడల్‌ని కిందకే తోస్తుంది, మోకాలు నొప్పి పుట్టకుండా. పెడల్‌ని పైకి తోసేది కింద నుంచి వెనక్కి వచ్చే ఆయిల్. ప్రెషర్ ప్లేటు స్ప్రింగు ఫోర్కుని, ఫోర్కు స్లేవ్ పిస్టన్‌ని, పిస్టన్ ఆయిల్‌ని, ఆయిల్ మన పెడల్‌ని తోస్తాయి. మధ్యలో ఆయిల్ కారిపోయినా, గాలి చేరినా, దారి మూసుకుపోయినా వెనక్కి తోసేవాళ్ళు ఉండరు. సాయం చేయాల్సిన స్ప్రింగే పెడల్‌ని నేలకి పట్టి ఉంచుతుంది. సిగ్నల్ దగ్గర నాకు జరిగింది ఇదే.

మర్నాడు పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, పార్కింగ్‌లోకి దిగాను. ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, ముందు కాలి కింద పరిచిన మ్యాట్ తీసేశాను. నవ్వకండి. పెడల్ ఇరుక్కోవడానికి అతి చవకైన కారణం ముందుకి జారిన మ్యాటు, లేదా ఒక మ్యాటు మీద ఇంకోటి వేయడం. పిల్లల వాటర్ బాటిల్ పెడల్ వెనక్కి దొర్లినా అంతే. మా దాని కింద ఖర్జూరం గింజలు, ఒక చెవి కమ్మ, దోసెడు ఇసుక దొరికాయి. కమ్మ దొరికినందుకు సంతోషించాను. పెడల్ మాత్రం మారలేదు. తర్వాత ఫోన్ టార్చి వేసి పెడల్ పైన కీలు దగ్గర చూశాను. ఇసుక చేరి కీలు ఎండిపోతే పెడల్ కిర్రుమంటుంది, అరుగుతూ కదులుతున్నట్టు కాలికి తెలుస్తుంది. చేత్తో ఆడించి చూశాను, కీలు బాగానే ఉంది.

అప్పుడు కళ్ళు మూసుకుని కాలితో "విన్నాను". ఇది హాస్యానికి అనడం లేదు. క్లచ్ జబ్బు ఎక్కడుందో సగం కాలికే తెలుస్తుంది. పెడల్ మెత్తగా, స్పాంజి మీద కాలేసినట్టు ఉంటే లోపల గాలి చేరినట్టు. వరసగా పది సార్లు తొక్కితే కొంచెం గట్టిపడి, కాసేపటికి మళ్ళీ మెత్తబడితే గాలి గానీ, ఎక్కడో కారడం గానీ. మాది ఇదే. పెడల్ బాగా కిందకి వెళ్ళి, పైకి మాత్రం నిదానంగా వస్తే ఆయిల్ వెనక్కి వచ్చే దారిలో అడ్డం ఉన్నట్టు. రోజూ కొంచెం కొంచెంగా నెలల తరబడి బరువెక్కుతూ వస్తే క్లచ్ ప్లేటు అరిగినట్టు. ప్లేటు పలచబడే కొద్దీ ఎదురుగా ఉన్న స్ప్రింగు రేకుల కోణం మారి వాటిని తోయడానికి ఎక్కువ బలం కావాలి. అలాంటప్పుడు సెట్టు మార్చాలనే మాట న్యాయమే. రాత్రికి రాత్రి గట్టిపడితే మాత్రం ఫోర్కు ఎక్కడో పట్టేసిందేమో, సిలిండర్‌లో రబ్బరు ఉబ్బిందేమో చూడాలి.

శబ్దాలు కూడా చెప్తాయి. ఇంజన్ నడుస్తుండగా పెడల్ తొక్కినప్పుడే గుర్రుమని మొదలైతే రిలీజ్ బేరింగ్ మీద అనుమానం. తొక్కగానే ఆగిపోయే చప్పుడైతే అది గేర్‌బాక్సు లోపలి బేరింగుది. ఒక తికమక గురించి కూడా చెప్పాలి. ఇంజన్ ఆపాక బ్రేకు పెడల్ గట్టిపడటం చూసి క్లచ్ కూడా అలాగే ఉంటుందనుకుంటారు. బ్రేకుకి ఇంజన్ నుంచి వచ్చే వాక్యూమ్ సాయం ఉంటుంది, మామూలు కార్లలో క్లచ్‌కి అది ఉండదు. కాబట్టి క్లచ్‌ని ఇంజన్ ఆపి కూడా నిశ్చింతగా పరీక్షించొచ్చు.

తర్వాత బానెట్ ఎత్తాను. చాలా కార్లలో బ్రేకుకీ క్లచ్‌కీ ఒకటే ఆయిల్ డబ్బా. లోపలిది కనిపించే తెల్ల ప్లాస్టిక్ డబ్బా, దాని మీద పైన ఒక గీత, కింద ఒక గీత. ఆయిల్ రెండింటి మధ్యలో ఉండాలి. క్లచ్‌కి వెళ్ళే గొట్టం డబ్బాకి కొంచెం పైనే ఉంటుంది, ఆయిల్ కారిపోతే ముందు క్లచ్ పోయి బ్రేకు మిగలాలని. ఎవరు ఆలోచించారో గానీ వాళ్ళకి దణ్ణం పెట్టాలి. కానీ ఆయిల్ ఇంకా దిగితే బ్రేకులకీ ముప్పే. అందుకే ఆయిల్ తగ్గిన క్లచ్‌తో "ఇవాళ్టికి నడిపేద్దాం" అనుకోవడం మంచిది కాదు.

మా డబ్బాలో ఆయిల్ కింది గీత కన్నా తక్కువుంది. రంగు కాఫీ డికాషన్‌లా ఉంది. కొత్త బ్రేక్ ఆయిల్ లేత తేనె రంగులో ఉంటుంది. కారు కొన్న ఈ నాలుగేళ్ళలో ఇంజన్ ఆయిల్ అయిదు వేల కిలోమీటర్లకొకసారి మార్చాం, దీని మొహం మాత్రం ఎవరూ చూడలేదు.

బ్రేక్ ఆయిల్‌కి ఒక గుణం ఉంది. వర్షాకాలంలో మూత తీసి పెట్టిన ఉప్పు డబ్బా ఏమవుతుందో మీకు తెలుసు కదా, ఇదీ అంతే. గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డబ్బా మూత దగ్గర నుంచి, రబ్బరు పైపుల గోడల్లోంచి కూడా. ఎడారిలో తేమేమిటి అనకండి. రియాద్‌లో ఉన్నవాళ్ళు అనొచ్చు, మా తూర్పు తీరం వాళ్ళం అనలేం. మా పక్కనే ఉన్న ధహ్రాన్‌లో 2003 జులై 8న మధ్యాహ్నం 3 గంటలకి ఉష్ణోగ్రత 42 డిగ్రీలైతే డ్యూ పాయింట్ 35 డిగ్రీలు. ప్రపంచంలో నమోదైన అతి ఎక్కువ డ్యూ పాయింట్లలో అదొకటి. అంటే గాలి కాదు, ఇడ్లీ పాత్రలో ఆవిరి. ఆ తేమ ఆయిల్‌లో చేరితే రెండు నష్టాలు. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నీరు చేరాక ఆ హద్దు 155కి దిగుతుంది. డాట్ 3కి అవే 205, 140. రెండోది, నీళ్ళు సిలిండర్ల లోపలి గోడలని తినేస్తాయి, గరుకైన గోడ మీద రబ్బరు వాషర్లు గీసుకుపోతాయి. కుక్కర్ గాస్కెట్ అరిగితే పక్క నుంచి ఆవిరి పోయినట్టు, వాటి పక్క నుంచి ఆయిల్ పోతుంది.

కారుతున్నది ఎక్కడ? టిష్యూ పేపరు తీసుకుని ముందు పెడల్ పైన, మాస్టర్ సిలిండర్ కడ్డీ లోపలికి వెళ్ళే చోట తుడిచాను. పొడిగానే ఉంది. గేర్‌బాక్సు కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచాను. పొద్దున్నకి అరచేయంత మరక. ఇంజన్ ఆయిల్‌లా జిడ్డుగా నల్లగా లేదు, నీళ్ళలా పలచగా ఉంది. స్లేవ్ సిలిండర్ కిందికే వచ్చింది. మా కారులో అది గేర్‌బాక్సు బయట ఉండటం నా అదృష్టం. కొన్ని కొత్త కార్లలో అది లోపల, బేరింగుతో కలిసే ఉంటుంది. అలాంటప్పుడు అది కారితే గేర్‌బాక్సు దింపాల్సిందే, ఖర్చు వేలల్లోనే.

ఏ చుక్కా కారకుండా కూడా పెడల్ కిందకి జారొచ్చు, అది మాస్టర్ సిలిండర్ లోపలే ఆయిల్ వాషరు పక్క నుంచి వెనక్కి పోవడం. దానికి ఒక పరీక్ష ఉంది. చుట్టూ ఖాళీగా, చదునుగా ఉన్న చోట, కుడికాలితో బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి, క్లచ్ తొక్కి మొదటి గేరు వేసి, ఒక నిమిషం అలాగే పట్టుకోండి. పెడల్ కదపకుండానే కారు ముందుకి ఎగబడుతున్నట్టనిపిస్తే జబ్బు మాస్టర్ సిలిండర్‌లో. ముందు గోడ గానీ, పిల్లలు గానీ ఉన్నచోట ఈ ప్రయోగం వద్దు.

సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక కారుని సత్‌హా మీద ఎక్కించి సనాయియాకి తీసుకెళ్ళాను. సత్‌హా అంటే కారుని మోసుకుపోయే ఆ చదునైన లారీ, 120 రియాల్ తీసుకున్నాడు. సనాయియా అంటే మన ఆటోనగరే, అదే గ్రీజు వాసన, అవే టైర్ల గుట్టలు, అదే టీ. నేను దిగేసరికి వీధిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. పాపని వదినగారి దగ్గర వదిలి బాబుని వెంట తీసుకెళ్ళాను. మా వాచ్‌మన్ చెప్పిన షెడ్డు అది. పాకిస్తానీ ఉస్తాద్ ఒక ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు. పెడల్ రెండు సార్లు తొక్కి, "క్లచ్ ప్లేట్ గయా, బాజీ" అన్నాడు. తర్వాత "మీ ఆయన నంబరివ్వండి, మాట్లాడతాను" అన్నాడు.

నంబరు ఇవ్వలేదు. అట్టముక్క చూపించాను. "ప్లేటు పోతే కారు జారాలి కదా ఉస్తాద్, ఇది జారట్లేదు. నాలుగో గేరులో లాగింది కూడా. ఆయిల్ తగ్గింది, ఇదిగో ఇక్కడ కారింది. ముందు స్లేవ్ సిలిండర్ చూడండి" అన్నాను, నాకొచ్చిన హిందీలో. ఆయన అట్టని, నన్ను, మళ్ళీ అట్టని చూశాడు. నవ్వి కుర్రాడిని కారు కిందకి పంపాడు. స్లేవ్ సిలిండర్ మీది రబ్బరు తొడుగు వెనక్కి లాగగానే నల్లటి ఆయిల్ బొటబొటా కారింది.

గంటన్నరలో కొత్త స్లేవ్ సిలిండర్ వేసి, పాత ఆయిల్ మొత్తం తీసి, గాలి తీసి ఇచ్చారు. నేను గెలిచాననుకున్నాను. పెడల్ గట్టిగా, కొత్తదానిలా ఉంది. పది నిమిషాలు చుట్టుపక్కల తిప్పి వచ్చేసరికి మళ్ళీ తేడా. ఈసారి మెత్తదనం లేదు, కింద ఉండిపోవడమూ లేదు, కానీ పైకి రావడం బద్ధకంగా ఉంది. ఉస్తాద్ మొహంలో "చెప్పానా" అన్నట్టు ఒక వెలుగు. నిజం చెప్తే నా మొహం మాడిపోయింది. నేనే పట్టుబట్టి చేయించిన పని అది.

అప్పుడు కారు కింద ఉన్న కుర్రాడు, నేను బాబుతో మాట్లాడటం విన్నాడు కాబోలు, తల బయటికి పెట్టి, "అక్కా, మీరు తెలుగోళ్ళా?" అన్నాడు. జగిత్యాల దగ్గర ఊరట. "సిలిండర్ మంచిగనే ఉన్నదక్కా. గీ రబ్బరు పైపు లోపట ఉబ్బినట్టున్నది. పాత ఆయిల్ తోని గట్లనే అయితది" అన్నాడు. ఎలా తెలుసు తమ్ముడూ అంటే, ఉస్తాద్‌తో ఒక మాట చెప్పి చేసి చూపించాడు. నన్ను పెడల్ తొక్కి వదలమన్నాడు. అది నిదానంగా పైకి వస్తూ ఉండగానే కింద స్లేవ్ సిలిండర్ మీదున్న చిన్న నట్టు, గాలి తీసేది, వదులు చేశాడు. ఆయిల్ చిమ్మింది, ఫోర్కు టక్కున వెనక్కి వెళ్ళిపోయింది. అంటే ఫోర్కు, బేరింగు బాగున్నాయి. పీడనం కింద ఇరుక్కుని పైకి రాలేకపోతోంది. దారిలో ఉన్నది ఆ జానెడు రబ్బరు పైపే.

బాబు నా వైపు చూశాడు. "అమ్మా, నువ్వు గొట్టం నొక్కినప్పుడు కూడా ఇలాగే కదా వచ్చింది" అన్నాడు. మొన్న వాడి సిరంజిల గొట్టం వేళ్ళతో పట్టుకున్నది నేనే, అర్థం చేసుకున్నది వాడు. బయటికి బాగానే కనిపించిన ఆ పైపుని కోసి చూపిస్తే లోపలి రబ్బరు వాచి, దారి సూది బెజ్జమంత మిగిలింది. పవర్ స్టీరింగ్ ఆయిలో, ఇంజన్ ఆయిలో పొరపాటున ఆ డబ్బాలో పోసినా రబ్బర్లు ఇలాగే వాస్తాయని ఉస్తాద్ చెప్పాడు. అందుకే ఎవరైనా "ఏదో ఒక ఆయిల్ పోద్దాం" అంటే మూత మీద చూడండి, ఏ రకం పోయాలో దాని మీదే రాసి ఉంటుంది. ఇక్కడ దుకాణంలో "జైత్ ఫరామిల్" అని అడిగితే బ్రేక్ ఆయిల్ ఇస్తారు. అది చేతికంటితే నీళ్ళతో కడుక్కోవాలి, కారు రంగు మీద పడితే రంగు ఊడిపోతుంది.

మొత్తం లెక్క: సిలిండర్ 85, పైపు 60, ఆయిల్ 25, కూలి 150. సత్‌హాతో కలిపి 440 రియాల్. ఉస్తాద్ ఆఖర్న ఇంకో మాట కూడా చెప్పాడు, అది రాయకపోతే అన్యాయం. గేర్‌బాక్సు కీళ్ళ దగ్గర చూశాను, క్లచ్ ప్లేటుకి ఇంకో ఏడాది, ఏడాదిన్నర ఆయుష్షుంది, అప్పుడు సెట్టు మార్చక తప్పదు అన్నాడు. ఆయన అంచనా తప్పు కాదు, ఈ రోగానికి ఆ మందు కాదు, అంతే. కుర్రాడికి టీ డబ్బులిస్తే తీసుకోలేదు. వచ్చే శుక్రవారం పులిహోర చేసి పంపిస్తానన్నాను.

మన ఊళ్ళలో అమ్మానాన్నల దగ్గర పాత మారుతి 800, ఆల్టో లాంటివి ఇంకా తిరుగుతున్నాయి. వాటిలో ఆయిల్ గొడవ లేదు, సైకిల్ బ్రేకులాగా ఉక్కు కేబులే. కేబులు పోగులు ఒక్కొక్కటే తెగుతూ ఉంటే పెడల్ గరుకుగా, కరకరమంటూ కదులుతుంది. ఎండిపోతే గట్టిపడుతుంది. నాన్నగారు ఫోన్లో "క్లచ్ బరువుగా ఉందమ్మా, మోకాలు లాగేస్తోంది" అంటే మోకాలికి తైలం చెప్పే ముందు కేబులు మార్పించమనండి. అది చిన్న పని. చలి దేశాల్లో ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి. గడ్డకట్టే పొద్దున్న పెడల్ బరువుగా ఉండి, కారు వేడెక్కాక మామూలైతే కంగారు పడక్కర్లేదు, ఆయిల్ చిక్కబడటం వల్ల కావచ్చు. వేడెక్కాక కూడా అలాగే ఉంటే అప్పుడు చూపించండి.

నడుస్తుండగా పెడల్ కింద ఉండిపోతే ఏం చేయాలని వదినగారు అడిగారు. ముందు ఆ ఎర్ర బటన్ నొక్కి వెనకవాళ్ళకి తెలియజేయాలి. యాక్సిలరేటర్ వదిలి, మెల్లగా బ్రేకు వేస్తూ కుడి అంచుకి రావాలి. మీ దేశంలో ఎడమ వైపు నడిపితే ఎడమ అంచుకి. క్లచ్ పనిచేయకపోతే ఆగేటప్పుడు ఇంజన్ కుదుపుతో ఆగిపోతుంది, ఆగనివ్వండి. తాళం మాత్రం కారు పూర్తిగా ఆగేవరకూ తీయకూడదు, స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు. పెడల్ లేపడానికి తల వంచి చేతులు పెట్టకూడదు, కారు కదులుతుండగా అసలే వద్దు. ఆగాక, హ్యాండ్ బ్రేకు వేశాక చెప్పు కొనతో లేపి చూడొచ్చు. దమ్మామ్-జుబైల్ హైవే లాంటి చోట, లారీలు రయ్యిమని పోతుంటే, పిల్లలతో కారులో కూర్చోవడం కన్నా రోడ్డుకి దూరంగా, రెయిలింగ్ అవతల నిలబడటం మేలు. అందుకే ఎండాకాలం డిక్కీలో అరడజను నీళ్ళ సీసాలు, ఒక గొడుగు ఉంచుతున్నాను.

మూడో రోజు పాపని డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. చెవి తగ్గుముఖం పట్టింది. మా ఆయన షట్‌డౌన్ అయి వచ్చిన రాత్రి కారు తీసి రెండు వీధులు తిప్పారు. "బానే ఉందే" అన్నారు. తర్వాత బానెట్ ఎత్తి, లోపల నేను అంటించిన తెల్ల ప్లాస్టర్ చూసి, ఇదేమిటన్నారు. దాని మీద బ్రేక్ ఆయిల్ మార్చిన తేదీ, రెండేళ్ళ తర్వాత మళ్ళీ మార్చాల్సిన నెల, కింద బాబు చేతిరాతతో "పైపు కూడా చూడాలి" అని ఉన్నాయి.